వాతావరణం మారితే వరి ఏమవుతుంది?

పెద్దాపురం దగ్గర ఒక పల్లె. పొద్దు గుంకింది. పొదుపు సంఘం ఆడవాళ్లు రామాలయం అరుగు మీద చేరారు. పద్దు పుస్తకం రాయడం అయ్యింది. మాటలు పొలం మీదికి మళ్లాయి.

"మా రోజుల్లో రోహిణి కార్తెలో ఆకుమడి పోస్తే మృగశిరలో వాన వచ్చేసేది. ఇప్పుడేంటో! కావాల్సినప్పుడు రాదు. కోసి పనలు పరిచాక వస్తుంది" అంది ఒక పెద్దామె.

"మా చేలో గడ్డి నిండుగా ఉంది పిన్నీ. చెరిగి చూస్తే అన్నీ తాలు గింజలే" అంది కౌలుకు చేసే ఒకామె.

ఆ ఊరి వ్యవసాయ సహాయకురాలు కూడా అక్కడే ఉంది. చిన్న వయసు పిల్ల. "శాస్త్రవేత్తలు దీనికి లెక్క కట్టి చూస్తున్నారండి. ఎండ ఇంత పెరిగితే వరి ఎంత తగ్గుతుందో కంప్యూటర్లో ముందే చూస్తారు" అంది.

"చేను వేయకుండా పంట ఎంతో ఎలా తెలుస్తుందమ్మాయ్? సోది చెబుతారా ఏంటి?" అని పెద్దామె నవ్వింది. అందరూ నవ్వారు.

అది సోది కాదు. లెక్క. ఆ లెక్క ఎలా కడతారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు.

కార్తె కూడా ఒక లెక్కే

ఏడాదికి 27 కార్తెలు. ఒక్కో కార్తె 13 లేక 14 రోజులు. మే నెలాఖరులో రోహిణి వస్తుంది. జూన్ మొదటి వారం దాటాక మృగశిర. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. ఏ కార్తెలో విత్తనం చల్లాలో, ఏ కార్తెలో ఊడ్చాలో పెద్దలకు తెలుసు.

వాళ్లకు ఎలా తెలిసింది? చూసి తెలుసుకున్నారు. తాత చూసింది తండ్రికి చెప్పాడు. అత్త చూసింది కోడలికి చెప్పింది. ఈ కార్తెలో వాన ఇలా ఉంటుంది, ఎండ ఇలా ఉంటుంది, కాబట్టి ఇప్పుడు నాటితే పంట చేతికి వస్తుంది అనుకున్నారు. అదే లెక్క.

కార్తెల తేదీలు పెద్దగా మారలేదు. ఆ తేదీల్లో వచ్చే వాన, ఎండ మారాయి. అందుకే పాత లెక్క అప్పుడప్పుడు తప్పుతోంది. దానికి కొత్త లెక్క తోడు కావాలి.

గోదావరి కింద వరి

ధవళేశ్వరం దగ్గర గోదావరికి కట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ దాన్ని కట్టించాడు. కాలువలు వచ్చాయి. డెల్టా అంతా వరి చేలు అయ్యింది. పెద్దాపురం డెల్టా అంచున ఉంటుంది. ఒకవైపు మెట్ట భూములు. ఇంకోవైపు ఏలేరు నీళ్ల కింద వరి చేలు.

ఈ వైపు రెండు పంటలు పండిస్తారు. వానాకాలంలో సార్వా. చలికాలం, ఎండాకాలం కలిపి దాళ్వా.

పశ్చిమ గోదావరిలో మార్టేరు అనే ఊరు ఉంది. అక్కడ 1925 నుంచి వరి పరిశోధన జరుగుతోంది. స్వర్ణ వరి అక్కడే పుట్టింది. అది 1982లో రైతుల చేతికి వచ్చింది. ఇప్పుడు మన దేశంలో చాలా రాష్ట్రాల్లో స్వర్ణ పండుతోంది. 2000లో వచ్చిన ఎంటీయూ 1010 కూడా మార్టేరుదే. దానికి 'కాటన్ దొర సన్నాలు' అని పేరు పెట్టారు.

అంటే ఇక్కడ నీరు ఉంది. విత్తనం ఉంది. పని తెలిసిన చేతులు ఉన్నాయి. అయినా పంటకు కొత్త చిక్కు వచ్చింది.

మారింది ఏమిటి?

బొగ్గు కాలిస్తే పొగ వస్తుంది. పెట్రోలు, డీజిలు కాల్చినా వస్తుంది. ఆ పొగలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. అది గాలిలో చేరి భూమి మీద దుప్పటిలా పనిచేస్తుంది. పగలు పడిన వేడిని తేలిగ్గా పైకి పోనివ్వదు.

రెండు వందల యాభై ఏళ్ల కిందట పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 పాళ్లు దాటింది. దుప్పటి మందం అయ్యింది. భూమి వేడెక్కింది. 2024లో ప్రపంచం సగటు వేడి పాత రోజులకంటే సుమారు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువగా ఉంది. మన దేశంలో 1901 నుంచి 2018 వరకు సుమారు 0.7 డిగ్రీ పెరిగింది.

"ఒక డిగ్రీయేగా!" అనిపిస్తుంది. కాని ఒంటి వేడి కాస్త పెరిగినా జ్వరమే. పంటకూ అంతే.

వేడెక్కిన గాలి నీటి ఆవిరిని ఎక్కువ పట్టుకుంటుంది. అందుకే వాన కురిస్తే ఒక్కసారిగా కుండపోతగా కురుస్తోంది.

తుఫానులు ఈ తీరానికి కొత్త కాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫానును ఎవరూ మరచిపోలేదు. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కోతకు దగ్గర పడ్డ చేలు నేలకు ఒరిగిపోయాయి. 2012 నవంబరులో నీలం తుఫాను వానలకు చేలు మునిగాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానకు గోదావరి జిల్లాల్లో ధాన్యం తడిసింది. 2024 సెప్టెంబరులో ఏలేరుకు వరద వచ్చింది. పెద్దాపురం, పిఠాపురం, గొల్లప్రోలు వైపు చేలు నీట మునిగాయి.

మోడల్ అంటే ఏమిటి?

జాకెట్టు కుట్టించుకోవాలంటే దర్జీకి ఆది జాకెట్టు ఇస్తారు. ఆది చూసి దర్జీ కొత్త గుడ్డ కత్తిరిస్తాడు. మనిషి కాస్త ఒళ్లు చేస్తే ఎక్కడ ఎంత వదులు చేయాలో కూడా ఆది చూసే చెబుతాడు. మనిషి ఎదురుగా ఉండనవసరం లేదు.

పంట మోడల్ కూడా వరి చేనుకు ఆది లాంటిది. కాని అది గుడ్డతో కాదు, అంకెలతో తయారవుతుంది. దాన్ని కంప్యూటర్లో పెడతారు.

దానికి నాలుగు సంగతులు చెప్పాలి.

ఒకటి, వాతావరణం. రోజూ పగటి వేడి ఎంత, రాత్రి వేడి ఎంత, ఎండ ఎంత కాసింది, వాన ఎంత పడింది.

రెండు, నేల. నల్లరేగడా, ఇసుక నేలా? నీరు ఎంత నిలుపుకుంటుంది? సారం ఎంత?

మూడు, విత్తనం. ఎన్ని రోజుల పంట? పిలకలు ఎన్ని వేస్తుంది? గింజ బరువు ఎంత?

నాలుగు, సాగు. ఎప్పుడు ఊడ్చారు? నీరు, ఎరువు ఎప్పుడెప్పుడు పెట్టారు?

ఈ నాలుగూ చెప్పాక కంప్యూటరు ఒక్కో రోజూ లెక్క కడుతుంది. ఈ రోజు మొక్క ఎంత తిండి చేసుకుంది? ఎంత ఖర్చు పెట్టింది? మిగిలినది ఆకుకు ఎంత, వేరుకు ఎంత, గింజకు ఎంత వెళ్లింది? ఇలా ఊడ్చిన రోజు నుంచి కోత రోజు వరకు లెక్క సాగుతుంది. చివరికి ఎకరానికి ఎన్ని బస్తాలో తేలుతుంది.

ఇలాంటి మోడళ్లు చాలా ఉన్నాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసినది ఇన్ఫోక్రాప్. ఫిలిప్పీన్స్ దేశంలో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉంది. ఆ సంస్థ వాళ్లు హాలండ్ శాస్త్రవేత్తలతో కలిసి చేసినది ఒరైజా.

లెక్క సరైనదా కాదా ఎలా తెలుస్తుంది? ముందు జరిగిపోయిన ఏళ్ల వాతావరణం ఇస్తారు. కంప్యూటరు చెప్పిన దిగుబడిని, ఆ ఏడు చేలో నిజంగా పండిన దిగుబడిని పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా ఎక్కువ ఉంటే లెక్కను సరిచేస్తారు. రెండూ దగ్గరగా వచ్చాకే ముందు ఏళ్లకు లెక్క కడతారు.

ఒక చిన్న లెక్క

వేడి పెరిగితే ఏం జరుగుతుందో చూపడానికి ఈ లెక్క చాలు. పలక మీదైనా చేయవచ్చు.

పగటి వేడి 32 డిగ్రీలు. రాత్రి వేడి 24 డిగ్రీలు. రెండూ కలిపితే 56. అందులో సగం 28. ఇది ఆ రోజు సగటు వేడి.

సుమారు 10 డిగ్రీల కంటే చలిగా ఉంటే వరి ఎదగదు. కాబట్టి 28 లోంచి 10 తీసేయాలి. 18 మిగిలింది. ఆ రోజు మొక్కకు 18 'వేడి మార్కులు' వచ్చాయి.

ఒక రకం వరి పండడానికి 1,800 మార్కులు కావాలి అనుకుందాం. రోజుకు 18 చొప్పున 100 రోజుల్లో పండుతుంది.

ఇప్పుడు పగలు 2 డిగ్రీలు, రాత్రి 2 డిగ్రీలు పెంచి చూడాలి. సగటు 30. పది తీసేస్తే 20. రోజుకు 20 మార్కులు. 1,800 మార్కులు 90 రోజుల్లోనే వచ్చేస్తాయి.

పది రోజులు ముందే పంట వచ్చింది. మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. ఆకు ఎండలో తిండి వండుకుంటుంది. ఆ తిండే గింజలోకి పాలుగా చేరుతుంది. పది రోజులు తగ్గితే పది రోజుల వంట తగ్గినట్టే. మగ్గబెట్టిన పండులా చేను తొందరగా పండుతుంది. గింజలో బరువు ఉండదు.

ఎండకు, గింజకు సంబంధం ఇక్కడి రైతులకు తెలిసినదే. సార్వాలో మబ్బులు ఎక్కువ. దాళ్వాలో ఎండ ఎక్కువ. అందుకే దాళ్వాలో ఎకరానికి బస్తాలు ఎక్కువ వస్తాయి.

రాత్రి ఖర్చు

కూలికి వెళ్లిన మనిషి పగలు సంపాదిస్తుంది. రాత్రి ఇంటికి వచ్చాక ఆ డబ్బులోంచే ఖర్చు. ఖర్చు పెరిగితే మిగిలేది తగ్గుతుంది.

వరి కూడా అంతే. పగలు ఎండలో తిండి చేసుకుంటుంది. రాత్రి ఊపిరి తీసుకుంటూ అందులో కొంత ఖర్చు చేస్తుంది. రాత్రి చల్లగా ఉంటే ఖర్చు తక్కువ. రాత్రి వేడిగా ఉంటే ఖర్చు ఎక్కువ.

ఫిలిప్పీన్స్ వరి సంస్థ వాళ్లు 1992 నుంచి 2003 వరకు తమ చేలను గమనించారు. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. వానలు లేని కాలం పంటలో రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి నూటికి పది వంతులు తగ్గింది. అంటే 30 బస్తాలు పండే చోట 27 బస్తాలే.

పగటి ఎండ అందరికీ తెలుస్తుంది. రాత్రి ఉక్క చేను మీద చేసే నష్టం కంటికి కనబడదు. అంకెలు రాసి చూస్తేనే తెలుస్తుంది.

పూత వేళ

వరి ఈనిన తర్వాత చిన్న చిన్న పువ్వులు విచ్చుకుంటాయి. ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నం లోపల ఇది ఎక్కువగా జరుగుతుంది. ఒక్కో పువ్వు సుమారు గంటసేపే తెరుచుకుని ఉంటుంది. ఆ గంటలోనే పుప్పొడి రాలి గింజ కట్టాలి.

ఆ వేళ వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడిపోవచ్చు. పైకి వెన్ను బాగానే కనబడుతుంది. లోపల గింజ ఉండదు. తాలు అవుతుంది. కౌలు చేసే ఆమె చెప్పిన తాలు గింజలకు ఇది ఒక కారణం కావచ్చు. తెగులు, పురుగు, పూతలో పడ్డ వాన కూడా తాలుకు కారణాలే.

బొగ్గుపులుసు వాయువు మొక్కకు తిండే కదా, అది పెరిగితే మంచిది కాదా అని కొందరు అడుగుతారు. నిజమే. దానివల్ల మొక్క కొంత ఎక్కువ ఎదుగుతుంది. మోడల్ ఆ లాభాన్ని కూడా కలుపుతుంది. కాని ఎండ దెబ్బ పెరిగే కొద్దీ ఆ లాభం పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ వాయువు ఎక్కువైన గాలిలో పండిన బియ్యంలో మాంసకృత్తులు, ఇనుము, జింకు తగ్గుతాయి. ఇప్పటికే రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లకు, పిల్లలకు ఇది మంచిది కాదు.

లెక్క ఏం చెప్పింది?

భారత వ్యవసాయ పరిశోధన మండలి 2011లో 'నిక్రా' అనే పని మొదలుపెట్టింది. హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ దాన్ని నడుపుతోంది. ఆ సంస్థను 'క్రీడా' అంటారు. వాళ్లు దేశం మొత్తానికి మోడళ్లతో లెక్క కట్టారు.

ఏ జాగ్రత్తా తీసుకోకపోతే వాన మీద ఆధారపడ్డ వరి 2050 నాటికి నూటికి 20 వంతులు తగ్గుతుంది. 2080 నాటికి 47 వంతులు తగ్గుతుంది. నీటి వసతి ఉన్న వరి 2050 నాటికి మూడున్నర వంతులు, 2080 నాటికి 5 వంతులు తగ్గుతుంది.

ఇవి దేశం సగటు లెక్కలు. ప్రతి ఊళ్లో ఇంతే తగ్గుతుందని కాదు. అయినా ఒక సంగతి తెలుస్తోంది. నీరు ఉన్న చేనుకు, నీరు లేని చేనుకు తేడా చాలా పెద్దది. చెరువు, కాలువ బాగుంటే సగం కాపు కాసినట్టే.

'ఏ జాగ్రత్తా తీసుకోకపోతే' అన్న మాట కూడా ముఖ్యం. జాగ్రత్త పడితే నష్టం తగ్గుతుంది.

ఏ జాగ్రత్తలు?

మోడల్లో తేదీ మార్చి చూడవచ్చు. జూన్‌లో ఊడిస్తే ఎంత? జూలైలో ఊడిస్తే ఎంత? ఆగస్టులో ఊడిస్తే ఎంత? నిజం చేలో ఇలా చూడాలంటే ఏళ్లు పడుతుంది. కంప్యూటర్లో ఒక్క రోజులో తేలుతుంది.

గోదావరి డెల్టాలో తేదీ చాలా ముఖ్యం. ఊడ్పులు ఆలస్యం అయితే సార్వా కోత నవంబరు, డిసెంబరు తుఫానుల్లో పడుతుంది. సార్వా ఆలస్యం అయితే దాళ్వా ఆలస్యం అవుతుంది. అప్పుడు దాళ్వా పూత ఎండలు ముదిరాక వస్తుంది. ఒక్క ఆలస్యం రెండు పంటలను కొడుతుంది. అందుకే 2022లో జూన్ 1నే డెల్టా కాలువలకు నీరు వదిలారు.

రెండో జాగ్రత్త విత్తనం. స్వర్ణ సుమారు 145, 150 రోజుల పంట. కాటన్ దొర సన్నాలు సుమారు 120 రోజుల పంట. ఊడ్పు ఆలస్యమైన చోట తక్కువ రోజుల రకం మేలు. మునిగే చేలకు 'స్వర్ణ సబ్ 1' ఉంది. 2009లో వచ్చింది. ఎదిగే దశలో రెండు వారాల దాకా నీట మునిగినా తట్టుకుంటుంది. కొన్ని రకాల గింజలు కోత తర్వాత రెండు మూడు వారాలు నిద్రలో ఉంటాయి. అవి వానకు తడిసినా వెంటనే మొలకెత్తవు. విత్తనం కొనేటప్పుడు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి.

మూడోది మురుగు కాలువ. పూడిక తీయకపోతే ఏ విత్తనమూ చేనును కాపాడలేదు.

లెక్కలో లేనివి

మోడల్‌కు అన్నీ తెలియవు. తుఫాను గాలికి చేను ఏ రోజు పడిపోతుందో అది చెప్పలేదు. దోమ, తెగులు ఎంత వస్తుందో చాలా మోడళ్లు చెప్పలేవు. ధర కూడా దానికి తెలియదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాలు ఊడ్చకుండా వదిలేశారు. ఖర్చులు పెరిగాయి, ధర గిట్టడం లేదు, మురుగు దిగడం లేదు అన్నారు. దాన్ని పంట విరామం అన్నారు. చేను ఊడ్చకపోతే ఊడ్పు కూలీ ఉండదు. ఆ నష్టం ఏ మోడల్లోనూ రాదు.

వెదజల్లే సాగు సంగతీ అంతే. విత్తనం నేరుగా చేలో చల్లితే పంట వారం పది రోజులు ముందు వస్తుంది. నీరు కలిసి వస్తుంది. మోడల్ దాన్ని మంచిదే అంటుంది. కాని ఆకు తీయడం, ఊడ్చడం ఆడవాళ్ల పని. ఆ పని పోతే వాళ్లకు వేరే ఏ పని ఇస్తారు? ఈ ప్రశ్న కంప్యూటరు అడగదు. మనుషులే అడగాలి. గ్రామసభలో అడగాలి.

పంట పోయినప్పుడు కౌలు చేసేవాళ్ల పేరు రాతలో లేకపోతే సాయం వేరేవాళ్లకు పోవచ్చు. వాళ్ల పేరు రాతలో ఉండాలి.

రాసిపెట్టుకుంటే

ఎంత పెద్ద మోడలైనా ఎవరో ఒకరు రాసిన అంకెల మీదే నిలబడుతుంది. ఫలానా రోజు వాన ఇంత. ఫలానా రోజు ఊడ్చారు. ఫలానా రోజు చేను ఈనింది. పంట ఇన్ని బస్తాలు. అంతే.

ఆ సంగతులు చేలో పనిచేసే ఆడవాళ్లకు అందరికంటే ముందు తెలుస్తాయి. ఇన్నాళ్లూ అవి మాటల్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు చేతికి అక్షరం వచ్చింది. అంకె వచ్చింది.

వాన కొలవడం కష్టం కాదు. పైనా కిందా ఒకే వెడల్పు ఉన్న డబ్బా చాలు. దాన్ని చెట్టు, చూరు లేని చోట ఆరుబయట పెట్టాలి. రోజూ ఉదయం ఒకే వేళకు పిల్లల స్కేలుతో లోపలి నీరు ఎంత లోతు ఉందో చూడాలి. ఎన్ని మిల్లీమీటర్లు ఉంటే అంత వాన పడినట్టు. తర్వాత డబ్బా ఖాళీ చేయాలి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్ల నీరు. అంటే 20 లీటర్ల బిందెలు 200.

పుస్తకంలో ఆరు గళ్లు గీసుకుంటే సరిపోతుంది. తేదీ, వాన, విత్తనం పేరు, ఊడ్చిన రోజు, ఈనిన రోజు, వచ్చిన బస్తాలు. రెండు మూడేళ్లు రాస్తే ఏ తేదీన ఊడ్చిన చేను బాగా పండిందో కళ్లకు కడుతుంది. వరదొచ్చి అధికారులు వస్తే "చాలా వాన పడిందండి" అనడం వేరు. "ఈ తేదీన ఇన్ని మిల్లీమీటర్లు పడింది" అని పుస్తకం తెరిచి చూపడం వేరు.

పెద్దామె సంఘం పెట్టెలోంచి కొత్త నోటు పుస్తకం తీయించింది. "ముందు కార్తె పేరు రాయండే. దాని పక్కన తేదీ వేయండి. రెండు లెక్కలూ ఒకచోటే ఉంటాయి" అంది. కౌలు చేసే ఆమె పెన్ను తీసుకుంది. నెమ్మదిగా గళ్లు గీసింది.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో సార్వా ఊడ్పులు ఏ నెలలో అవుతున్నాయి? పదేళ్ల కిందట ఎప్పుడు అయ్యేవి?
2. పగలు 34 డిగ్రీలు, రాత్రి 28 డిగ్రీలు ఉంటే ఆ రోజు వరికి ఎన్ని వేడి మార్కులు వస్తాయి? లెక్క కట్టండి.
3. వెదజల్లే సాగు వల్ల మీ ఊరి ఆడవాళ్లకు లాభం ఏమిటి? నష్టం ఏమిటి?
4. మీ ఊరి మురుగు కాలువ పూడిక ఎప్పుడు తీశారు? ఎవరిని అడగాలి?